ఒకటి లేని మెషీన్

పదకొండు దాటి ఐదు నిమిషాలైంది. పన్నెండుకి గంట నేనే కొట్టాలి. అంతవరకూ ఈ ఏసీ గదిలో, తలుపు పక్క కుర్చీలో కూర్చోవడం నా ఉద్యోగం. చెప్పులు బయట. కంప్యూటర్లకు దుమ్ము పడదట, అందుకని దేవుడి గదిలోకి వచ్చినట్టు అందరూ చెప్పులు విడిచి వస్తారు, వచ్చి కాళ్ల కంపు లోపల వదులుతారు. పన్నెండు మానిటర్లు, పన్నెండు వీపులు. వీపులు చూస్తే చాలు, ఎవరికి వస్తోందో ఎవరికి రావడం లేదో తెలిసిపోతుంది. వస్తున్నవాడి వీపు కదలదు. రానివాడు కుర్చీ ముందుకి జరుపుకుంటాడు, దగ్గరగా చూస్తే తప్పు దొరుకుతుందని. ఇవాళ్టి పరీక్షలో ఒకటే లెక్క. ఇంగ్లీషు చిన్న అక్షరాలతో ఉన్న ఒక పేరు తీసుకోవాలి, దాని మొదటి అక్షరాన్ని పెద్దది చేయాలి, తెర మీద చిన్న డబ్బాలో చూపించాలి. జావాస్క్రిప్ట్ అనే కంప్యూటర్ భాషలో ఆరు వరసలు. నడిస్తే పాసు, నడవకపోతే సున్నా, మధ్యలో మార్కుల్లేవు. ఇరవై ఏళ్ల పిల్లలకి ఇది ఆట. కిటికీ పక్కన, మూడో వరసలో కూర్చున్న ప్రేమమణికి ఆట కాదు. ఆమెకు ముప్పై ఎనిమిది. బోయిన్‌పల్లిలో ఒక విత్తనాల కంపెనీలో పద్నాలుగేళ్లుగా టైపిస్టు. ఆ కంపెనీ టైపు మెషీన్లు తీసేసింది, ఇప్పుడు టైపిస్టులను తీసేస్తోంది. ఈ కోర్సు పాసైన కాగితం సోమవారంలోగా చూపించినవాళ్లను మాత్రం కంప్యూటర్ల మీద కూర్చోబెడుతుందట. ఒకసారి తప్పింది. ఇది రెండోసారి, ఆఖరుసారి. ఇంట్లో మొగుడు రిచర్డ్ నడుము పోయి రెండేళ్లుగా మంచం మీద ఉన్నాడు. ఇవన్నీ నాకు ఆమె చెప్పలేదు. ఆమె నాతో మాట్లాడి తొమ్మిదేళ్లయింది, నేనే మాట్లాడనివ్వలేదు. పేరు రాయించుకునేటప్పుడు ఆఫీసు పిల్లతో చెబుతుంటే విన్నాను. విని కిందికి వెళ్లి టీ తాగాను. టీ బాగుంది.

ఈ గది నాది. నాది కాదు, ఎప్పుడూ అద్దె గదే, కానీ ఇరవై రెండేళ్లు ఈ నేరేడ్‌మెట్ చౌరస్తాలో ఈ మెట్లెక్కిన ప్రతివాళ్లూ నా దగ్గరికే ఎక్కారు. ఇవే బల్లల మీద పద్నాలుగు టైపు మెషీన్లు ఉండేవి. పొద్దున ఆరు నుంచి రాత్రి ఎనిమిది దాకా గంటకో బ్యాచ్. రేకుల మీద వడగళ్లు పడ్డట్టు చప్పుడు, ఆ చప్పుడులో ఒక్క వేలు తప్పుగా పడినా నాకు వినిపించేది. కిందటేడాది బిల్డింగ్ ఓనరు నా బోర్డు దింపి తన బోర్డు ఎక్కించాడు. మెషీన్లు పాత ఇనుముకి పోయాయి. నన్ను ఉంచాడు. జాలి కాదు. తాళాలు తీసి, ఏసీ వేసి, గంట కొట్టడానికి మనిషి కావాలి, నా అంత తక్కువకి ఎవడూ రాడు. ఇప్పుడు ఊరంతా కంప్యూటర్లే, కాప్రా చెరువు గట్టు దాకా సందుకో బోర్డు. టైలరింగ్ షాపువాడు కూడా కుట్టుమిషన్లు అమ్మి రెండు కంప్యూటర్లు పెట్టాడు. ఈ భాష నాకెవరూ నేర్పలేదు. చోడవరం పక్క పల్లెలో పలక మీద చదివినవాణ్ణి, ఇంగ్లీషు అక్షరం ఆరో తరగతిలో మొదటిసారి చూసినవాణ్ణి. వెనక నిలబడి ఏడాదిగా చూశాను. ఒప్పులు చూస్తే ఏమీ తెలియదు. తప్పులు చూడాలి. మాటల లెక్కల్లోనే అందరూ పడతారు. స్ట్రింగ్ అంటారు వీళ్లు. దారానికి గుచ్చినట్టు వరసగా పెట్టిన అక్షరాలు, అంతకంటే ఏమీ లేదు. మొదటి బల్ల దగ్గర వాసు ఇప్పుడు పడుతున్నాడు. అక్షరాన్ని పెద్దది చేయమని రాశాడు, చేసినదాన్ని పట్టుకోలేదు. ఈ భాషలో ఉన్న మాట ఎప్పటికీ మారదు. మార్చమంటే పక్కన కొత్త మాట ఒకటి తయారుచేసి ఇస్తుంది. దాన్ని పట్టుకుని ఒక పేరు కింద దాచుకోకపోతే గాలికి పోతుంది, పాతది పాతదిగానే ఉంటుంది. ఈ సంగతి అర్థమైన రోజున ఈ భాష మీద నాకు గౌరవం కలిగింది. వాసు కర్సర్ ఆ వరస మీదికి వచ్చి ఆగింది. నేను దగ్గాను.

దగ్గు నా పద్ధతి. పరీక్షలో నోరు విప్పి చెబితే ఉద్యోగం పోతుంది, దగ్గితే పోదు. ఏసీ పడని మనిషి అనుకుంటారు. కర్సర్ తప్పున్న వరస మీదికి వచ్చినప్పుడు ఒక్కసారి, పొడిగా. మొదట ఎవడో కనిపెట్టాడు, తర్వాత బ్యాచ్ నుంచి బ్యాచ్‌కి పాకింది. ఇప్పుడు ప్రోగ్రాం నడవకపోతే పైనుంచి కిందికి వరస వరసా కర్సర్ దించుకుంటూ వస్తారు, తెర మీద కళ్లు పెట్టి, చెవులు నాకు అప్పగించి. పాఠం చెప్పే ఇవాన్‌కి తెలియదు. సికింద్రాబాద్ కుర్రాడు, వాళ్ల నాన్న మిషన్ బడిలో మాస్టరు, ఇతనికి ఇంకా మీసం సరిగా రాలేదు. "అంకుల్, జెర డాక్టర్‌కి చూపించుకోండ్రి, గీ దగ్గు మంచిది కాదు" అంటాడు. దగ్గుతో డెబ్బై మందిని పాస్ చేయించాను. దయతో కాదు. తప్పు కనబడితే ఊరుకోలేను. టైపు నేర్పేటప్పుడు స్కేలుతో వేళ్ల కణుపుల మీద కొట్టేవాణ్ణి, ఇప్పుడు స్కేలు లేదు, దగ్గు ఉంది. వాసు తల గోక్కుని, ఆ వరస మొదట్లో ఏదో చేర్చాడు. డబ్బా వచ్చింది, అందులో వాడి పేరు, మొదటి అక్షరం పెద్దది. వాడు వెనక్కి తిరిగి నవ్వబోయాడు. నేను గోడ మీద గడియారం చూశాను. పదకొండు పద్దెనిమిది.

కిటికీ దగ్గర డబ్బా వచ్చింది. పేరున్న డబ్బా కాదు, తప్పున్న డబ్బా, పసుపుపచ్చ ముక్కోణంతో. ప్రేమమణి భుజాలు ఒకసారి పైకి లేచి అక్కడే ఉండిపోయాయి. చేయెత్తింది. ఇవాన్ వెళ్లి ఆమె కుర్చీ మీదుగా వంగాడు.

"ఐ అన్‌డిఫైన్డ్ అంటుంది ఆంటీ. ఐ ఎక్కడ పెట్టిన్రు?"

"ఐ నేను పెట్టలేదు బాబూ."

"పెట్టకుంటే అదెట్ల అడుగుతది? కంప్యూటర్ అబద్ధం చెప్పదు ఆంటీ, ఐ అనేది ఏందో దానికి తెలుస్తలేదు, గంతే. వెతకండి, ఎక్కడో ఉంటది."

"ఆరు వరసలే కదా బాబూ. ఎక్కడని వెతకను?"

అతను కూడా వెతికాడు. దొరకలేదు. దొరకదు. అక్కడ ఐ లేదు. నేను నీళ్ల కూజా నింపే మిషతో లేచి వాళ్ల వెనకగా కిటికీ దాకా వెళ్లి వచ్చాను, ఒక్క చూపు చాలింది. పేరులో సున్నా నుంచి ఒకటి దాకా ఉన్న ముక్క తుంచమని నాలుగో వరసలో రాసింది. ఒకటి దగ్గర ఒకటి లేదు. చిన్న ఎల్ ఉంది. తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి, నిలువు గీత, కింద చిన్న పీట. తప్పు చూపించే డబ్బాలో ఇంకో రకం అక్షరాలు, అక్కడ ఎల్ ఒట్టి గీతగా కనబడుతుంది, ఇవాన్ దాన్ని పెద్ద ఐ అని చదువుతున్నాడు. ఆ డబ్బా చెబుతున్నది నిజమే: ఎల్ అని ఎవరినో పిలుస్తున్నావు, అలాంటివాళ్లెవరూ నాకు తెలియదు. ఈ గదిలో ఉన్న పద్నాలుగు మందిలో ఈ తప్పు ఒక్కరే చేయగలరు, ఒక్కరే పట్టుకోగలరు. చేసింది నా శిష్యురాలు. పట్టుకున్నది నేను. నేర్పినదీ నేనే.

ఆ పాత మెషీన్లలో ఒకటి లేదు. అంకెల వరస రెండుతో మొదలయ్యేది. తయారుచేసినవాడు ఒక మీట మిగుల్చుకున్నాడు, చిన్న ఎల్ ఒకటిలాగే ఉంటుంది కదా, దాంతో కానివ్వండన్నాడు. కానిచ్చాము. తారీఖులు, తాలూకా ఆఫీసు ఉత్తరాలు, పొలాల సర్వే నంబర్లు, దేశం దేశమంతా ఒకటి బదులు ఎల్ కొట్టింది. కొత్తగా చేరిన ప్రతివాళ్లూ మొదటి వారంలో అడిగేవాళ్లు, మాస్టారూ ఒకటి ఎక్కడ అని. "కుడిచేతి ఉంగరం వేలు కింద" అని చెప్పేవాణ్ణి. మీటల వైపు చూస్తే స్కేలు. చూడకుండా తప్పు కొట్టినా స్కేలు. ఆరు నెలలయ్యేసరికి మెదడు అక్కర్లేదు, ఒకటి అనుకోగానే ఉంగరం వేలు దానంతటదే వంగుతుంది. ప్రేమమణి పదిహేడేళ్ల వయసులో, నూనె రాసి బిగించిన జడతో, బైబిలు సంచీలోనే పేపర్లు పెట్టుకుని వచ్చింది. ఒకటి కోసం వెతుక్కుంటూ కిందికి చూసింది, కొట్టాను. మళ్లీ చూసింది, మళ్లీ కొట్టాను. మూడోసారి చూడలేదు. నా చేతి మీదుగా పోయిన రెండు వేల మందిలో నిమిషానికి యాభై మాటలు తప్పు లేకుండా కొట్టినవాళ్లు నలుగురు. ఆమె ఒకతె. కోర్సు నెలల్లో ఇద్దరికి ఒక కంప్యూటర్, ఆమె చెబుతుంటే పక్కనున్న భానుప్రియ కొట్టేది, అందుకే ఈ తప్పు ఇన్నాళ్లూ బయటపడలేదు. కిందటి పరీక్ష లెక్కలో ఒకటి రాలేదు, ఒంటరిగా కూర్చుని ఒకటి కొట్టాల్సి రావడం ఇవాళే మొదటిసారి. కళ్లతో వెతుక్కుని కొట్టే పిల్లలెవరూ ఈ తప్పు చేయరు. వేళ్లను నమ్మిన మనిషే చేస్తుంది.

"చెరిపేసి ఆ లైన్ మళ్ల కొట్టండి ఆంటీ, ఒక్కోపాలి గట్లనే సెట్ అయితది" అన్నాడు ఇవాన్. చెరిపింది. మళ్లీ కొట్టింది. కుడిచేతి ఉంగరం వేలు వంగడం ఇక్కణ్ణుంచి చూశాను. డబ్బా. మళ్లీ చెరిపింది. ఉంగరం వేలు. డబ్బా. ఎంత చక్కగా నేర్పానో. పదకొండు ఇరవై తొమ్మిది.

ఏసీ చల్లదనం మోకాళ్లలోకి దిగుతోంది. తొమ్మిదేళ్ల కిందట ఇదే గదిలో ఫ్యాను కింద కూడా చెమటలు కారేవి. సర్కారు టైపు పరీక్షలకు ఇంకా నాలుగు రోజులు. హయ్యర్ గ్రేడు పరీక్షకి ముప్పై ఒక్క మంది. పొద్దున బయల్దేరబోతుంటే కాప్రా ఇంట్లో చాప మీంచి నా పెళ్లాం కనకలక్ష్మి పిలిచింది. "ఏటండీ, ఒళ్ళు కాలిపోతంది. బేగి వచ్చీండి." జ్వరం ఎవరికి రాదు? మాత్ర ఇచ్చి వచ్చాను. రెండో రోజు గుమ్మం దాకా వచ్చి, గోడ పట్టుకుని అదే మాట. పరీక్షలవనీ అన్నాను. మూడో రోజు పిలవలేదు, తగ్గిందనుకున్నాను. లేదు, అలా అనుకోలేదు, పిలవకపోవడం హాయిగా ఉంది, అంతే. ఆ రోజు సాయంత్రం ప్రేమమణి గంజి తీసుకుని మా ఇంటికి వెళ్లింది, తలుపు తోసింది, మనిషిని ఆటోలో వేసుకుని ఆస్పత్రికి పోయింది. నాకు కబురు వచ్చినప్పుడు బ్యాచ్ అవడానికి పద్దెనిమిది నిమిషాలుంది. అయ్యాక బయల్దేరాను. జ్వరం తలకెక్కింది, ముందు రోజు తెచ్చి ఉంటే బాగుండేదన్నాడు డాక్టరు, చేతులు తుడుచుకుంటూ. మర్నాడు పోయింది. ఏడుపు రాలేదు. నా గుడ్డలన్నీ తనే ఉతికేదని, ఇక ఎవరు ఉతుకుతారని ఆలోచించాను, ఆ ఆలోచన వచ్చినందుకు ఇప్పటికీ సిగ్గు లేదు, మనిషికి అలాంటప్పుడు అలాంటివే వస్తాయి.

దానికి నేను ఎవరికీ జవాబు చెప్పక్కర్లేకపోయేది. పెద్దకర్మ రోజున చోడవరం నుంచి వచ్చినవాళ్లు, వీధివాళ్లు, నలభై మంది విస్తళ్ల ముందు కూర్చున్నారు. వడ్డిస్తున్న ప్రేమమణి గిన్నె కింద పెట్టింది. "మూడు రోజులు పిలిచింది మాస్టారూ అక్క. ఒక్క బ్యాచ్ ఆపలేకపోయారా?" అరవలేదు. మామూలుగానే అడిగింది, పప్పు వేయమంటారా అని అడిగినట్టు. మా అత్తగారు విస్తరి మీంచి లేచింది. ఆవిడ వెనక ఇంకొకరు, ఇంకొకరు. మా వైపువాళ్లు తలలు వంచుకుని తిన్నారు, తిని వెళ్లిపోయారు, మళ్లీ ఎవరూ రాలేదు. ఆ నెలలో పన్నెండు మంది ఆడపిల్లలు మానేశారు. ఉద్యోగం చేస్తూనే హయ్యర్ కోసం పొద్దున బ్యాచ్‌కి వచ్చే ప్రేమమణి మర్నాడు వస్తే, ఆమె మెషీన్ మీద కవరు తీయనివ్వలేదు. ఆమె చెప్పింది అబద్ధమైతే ఎప్పుడో క్షమించి ఉండేవాణ్ణి.

కర్సర్ కదులుతోంది. ప్రేమమణి పైనుంచి మొదలుపెట్టింది. మొదటి వరస మీద ఆగింది. ఆగి, తల అర అంగుళం ఇటు తిప్పింది. ఆమెకూ తెలుసు. భానుప్రియ చెప్పి ఉంటుంది. దగ్గు కోసం చూస్తోంది. నేను కాళ్లు దగ్గరికి లాక్కున్నాను. రెండో వరస. అందులో పేరుంది. ఎవరి ఇష్టం వచ్చిన పేరు వాళ్లు పెట్టుకోవచ్చు. వాసు వాడి పేరే పెట్టాడు, భానుప్రియ మమ్మీ అని పెట్టి నవ్వుకుంటోంది. ఇందాక కూజాతో వెళ్లినప్పుడే చూశాను, చూడనట్టు వచ్చి కూర్చున్నాను. ప్రేమమణి తెర మీద, ఇంగ్లీషు అక్షరాల్లో, అన్నీ చిన్నవే, కనకలక్ష్మి. ఎందుకు? ఊళ్లో పేర్లు కరువయ్యాయా? సొంత కూతురుంది, జోయా అని, ఆ పేరు పెట్టుకోవచ్చు, నాలుగక్షరాలతో అయిపోయేది. నా ముందు, నేను కాపలా ఉన్న గదిలో, నా పెళ్లాం పేరు పెట్టి, దాని మొదటి అక్షరం పెద్దది చేయడానికి నా దగ్గు అడుగుతోంది. తొమ్మిదేళ్లయినా విస్తళ్ల ముందు నుంచి లేవలేదు ఈ మనిషి. మూడో వరస. గొంతులో ఏదో పాకుతోంది, నిజమైన గరగర, ఏసీ వల్ల. ఉమ్మి మింగాను. నాలుగో వరస. అక్కడ ఆగింది. మిగతావాటి కంటే ఎక్కువసేపు ఆగింది. గొంతులో గరగర పైకి వచ్చింది, నాలుక వెనక కూర్చుంది, కళ్లలో నీళ్లు తిరిగాయి. చేతి రుమాలు నోట్లో కుక్కుకున్నాను. చిన్నప్పుడు బళ్లో ధర్మరాజు మాస్టారు గోడ కుర్చీ వేయించి, కదిలితే ఇంకో గంట అనేవాడు. కదలకుండా ఉండడం నాకు అక్కడే వచ్చింది, ఆ తర్వాత ఏం నేర్చుకున్నా దాని తర్వాతే. కర్సర్ ఐదో వరసకి దిగింది. గరగర కిందికి దిగిపోయింది. ఆరో వరస. అంతే, ఇంక వరసల్లేవు. ఆమె మళ్లీ మొదటికి వెళ్లింది.

పదకొండు నలభై ఒకటి. లేచి నా దగ్గరికి వచ్చింది. మంచినీళ్లకి లేవచ్చు, అది రూలే. గ్లాసు పట్టుకుని, నా వైపు చూడకుండా, కూజాకి చెప్పినట్టు చెప్పింది.

"చెప్పొద్దు మాస్టారూ. తప్పు నా దగ్గరుందా, మెషీన్ దగ్గరుందా, అంతే. తలూపండి చాలు."

తొమ్మిదేళ్ల తర్వాత ఆమె నాతో అన్న మొదటి మాట. గ్లాసు పట్టుకున్న చేతి కణుపులు చూశాను. నేను కొట్టిన చోట ఏమీ లేదు, మచ్చ కూడా లేదు. వేళ్లు అప్పుడెలా ఉన్నాయో అలాగే ఉన్నాయి, సన్నగా, పొట్టి గోళ్లతో.

"నీళ్లు తాగి కూర్చో" అన్నాను.

కూర్చుంది. ఇవాన్ గడియారం చూసుకుని నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "అంకుల్, మీరు వెనక నుంచి అందరివీ చూస్తుంటరు కదా. ఆంటీది మీకేమన్నా కనబడ్డదా? నా దిమాగ్ పనిచేస్తలేదు. పాపం జాబ్ పోతదంట." మంచి కుర్రాడు. పరీక్షకుడే అడుగుతున్నాడు, రూలు కూడా అడ్డం లేదు. ఒక్క మాట. ఒకటి మీట పైన ఎడమ చివర ఉంటుందమ్మా, అంతే.

"నాకేం తెలుసు బాబూ. నేను టైపు మాస్టర్ని" అన్నాను.

అతను తలూపాడు, తప్పుగా అడిగినవాడిలా భుజం తట్టాడు. నేను చెప్పింది నిజమే. ఇంత కచ్చితమైన నిజం ఈ మధ్య చెప్పలేదు. ఇవాన్ ఆమె కోసం మానిటర్ మార్చాడు, మౌస్ మార్చాడు, కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టాడు, అది లేవడానికి నాలుగు నిమిషాలు తిన్నది. ఆమె ఆరు వరసలూ మళ్లీ మొదటి నుంచి కొట్టింది. చప్పుడు వినడానికి కళ్లు మూసుకున్నాను. ఈ మీటలకి చప్పుడు తక్కువ, అయినా ఆమె చెయ్యి తెలుస్తుంది. ఎక్కడా తడబాటు లేదు, లయ తప్పలేదు, రెండో వరసలో పేరు దగ్గర మరీ తీరుగా ఉంది. నాలుగో వరసలో ఒక్క దెబ్బ, ఉంగరం వేలు, నేను పెట్టిన చోట. డబ్బా. వాసు కుర్చీలో వెనక్కి తిరిగి నన్ను చూస్తున్నాడు, దగ్గవేమిటన్నట్టు. నేనూ వాణ్ణి సూటిగా చూశాను, తల దించుకున్నాడు.

పన్నెండు. గంట కొట్టాను. మామూలుగా రెండు కొడతాను. ఇవాళ మూడు కొట్టాను, గట్టిగా.

పిల్లలు చెప్పుల కోసం తోసుకుంటూ మెట్లు దిగారు. ఇవాన్ తెర తెర చూసుకుంటూ లిస్టులో టిక్కులు పెట్టాడు. కిటికీ దగ్గర ఆగి, పెన్ను కాసేపు పట్టుకుని, సున్నా పెట్టాడు. "సారీ ఆంటీ. నేనేం చెయ్యలేను. సాయంత్రంలోపు లిస్ట్ ఆఫీసులో ఇయ్యాలె." లిస్టు సంచీలో పెట్టుకుని దిగిపోయాడు. ప్రేమమణి తలుపు దగ్గర చెప్పులు వేసుకుంటోంది, వంగి, గోడకి చెయ్యి ఆనించి. ఆమె వెళ్లాక తాళం వేయాలని తాళాలు తీశాను.

"వాసుకి దగ్గారు మాస్టారూ" అంది, వంగే ఉండి.

"ఏసీ పడలేదు."

"నా వంతుకి పడిందా?"

"తర్వాత గొంతు బాగైంది."

నవ్వింది. నవ్వుతుందనుకోలేదు. చెప్పు పట్టీ పెట్టుకుని లేచింది. "ఆ పేరు చూసి మీకు మండి ఉంటుంది. మిమ్మల్ని పొడవడానికి పెట్టలేదు. పేరు కొట్టమంటే నా వేళ్లకి అదే వస్తుంది, ఏం చెయ్యను? కొత్తగా చేరినవాళ్లందరికీ అక్క అదే నేర్పేది. మీరు బయటికెళ్లినప్పుడు పక్కన కూర్చుని. 'మాస్టారి స్కేలు గురించి బెంగెట్టుకోకే. నా పేరు కొట్టు. కుడీ ఎడమా, కుడీ ఎడమా, మనిసి నడిసినట్టు ఎల్తాది' అనేది." సంచీ అందుకుంది. "మీకెప్పుడూ చెప్పలేదా?"

"గది మూయాలి" అన్నాను.

మెట్లు దిగిన చప్పుడు. తలుపు మూయలేదు. కిటికీ దగ్గరికి వెళ్లి ఆమె కుర్చీలో కూర్చున్నాను. కుర్చీ ఇంకా వెచ్చగా ఉంది. కాపలా మనిషిని కంప్యూటర్ ముందు కూర్చోనివ్వరు; ఏడాదిలో ఒక్క మీట ముట్టుకోలేదు. తెర మీద ఆరు వరసలు అలాగే ఉన్నాయి. పేరు చెరిపేసి నేను కొట్టాను. కుడి, ఎడమ, కుడి, ఎడమ. కుడి, ఎడమ, కుడి, ఎడమ. నిజమే. అడుగు తర్వాత అడుగు, ఎక్కడా ఆగదు. చివరి మూడక్షరాలు మాత్రం మూడూ కుడిచేతి మీదే, ఒంటికాలి మీద కుంటినట్టు. రెండు వేల మందికి టైపు నేర్పాను. నా చేతులు ఈ పేరు ఎప్పుడూ కొట్టలేదు. కొట్టాల్సిన పని పడలేదు. మరణ ధ్రువపత్రం దరఖాస్తు కూడా ఆఫీసు బయట ఎవడో కొట్టిచ్చాడు.

నాలుగో వరసకి దిగి చిన్న ఎల్ చెరిపాను. ఒకటి కొట్టాను. నడిపించాను. పసుపుపచ్చ ముక్కోణం, అదే డబ్బా, అదే మాట. నా కుడిచేతి ఉంగరం వేలు ఇంకా మీట మీదే ఉంది. మళ్లీ చెరిపాను, ఈసారి తెలిసి, జాగ్రత్తగా, మనసులో ఒకటి ఒకటి అనుకుంటూ. వేలు మళ్లీ వంగింది. వెతుక్కోవాల్సి వచ్చింది. తల వంచి మీటల వైపు చూశాను. ఎవరైనా ఇలా చూస్తే కణుపుల మీద పడేది. పైన, ఎడమ చివర, పిల్లల పళ్లలాంటి తెల్ల మీటల్లో ఒకటి. చూపుడు వేలుతో, పల్లెటూరివాడు ఫోను తిప్పినట్టు, పొడిచి నడిపించాను. డబ్బా వచ్చింది. కనకలక్ష్మి, మొదటి అక్షరం పెద్దది. కింద, సరే అనడానికి ఒక బొత్తాం. అది నొక్కితే తప్ప పేరు పోదు.

అప్పుడు దగ్గు వచ్చింది. ఇందాక మింగినదంతా ఒకేసారి, పొట్ట పట్టుకుని, కళ్లు కారేలా, ఖాళీ కుర్చీలు పదకొండూ వింటుండగా. తగ్గాక కిటికీలోంచి చూశాను. ఎదురుగా బస్ స్టాపు. ప్రేమమణి ఉంది, సంచీ గుండెకి అదుముకుని, ఎండకి పైట తల మీద కప్పుకుని. ఇటువైపు ఇవాన్ స్కూటర్ స్టార్ట్ కావడం లేదు. కిక్కు కొడుతున్నాడు, బండి పక్కకి వంచుతున్నాడు, మళ్లీ కొడుతున్నాడు. లిస్టు అతని సంచీలో ఉంది. కిటికీ తెరిచి ఒక్క కేక వేస్తే ఇద్దరూ తలెత్తుతారు. ఇవాన్ పైకి వస్తాడు, చూస్తాడు, అయ్యో అంటాడు, సున్నా కొట్టేస్తాడు, అలాంటి కుర్రాడే. కిటికీ గడియ మీద చెయ్యి పెట్టాను. ఏసీ కోసం ఏడాదిగా మూసి ఉంది, గడియ బిగిసింది, కానీ గట్టిగా లాగితే వస్తుంది. బోయిన్‌పల్లి బస్సు వచ్చి ఆమెను కప్పేసింది. ఒక్క బ్యాచ్ ఆపలేకపోయారా? బస్సు వెళ్లింది. స్టాపు ఖాళీ. స్కూటర్ స్టార్టయింది.

వచ్చి కూర్చున్నాను. బొత్తాం నొక్కాను, పేరు పోయింది. పరీక్ష తెర ఎలా వదిలారో అలాగే ఉంచాలి, అది రూలు. నాలుగో వరసలో ఒకటి చెరిపి, చిన్న ఎల్ మళ్లీ పెట్టాను. దానికి మీటల వైపు చూడాల్సిన పని పడలేదు.